అర్థంకాని కమాండుకు పాస్‌వర్డ్ కొట్టకండి



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. హోసూరులో మన సంఘం గదిలోని పాత కంప్యూటరుకు విండోస్ 11 ఎక్కదు. పారేయడం ఇష్టంలేక మేము అందులో లినక్స్ మింట్ వేశాం. పిల్లలకు తెలుగు టైపింగ్ నేర్పేది దానిమీదే. నాలుగు తరాల సభ్యుల పేర్లున్న పట్టికా దాంట్లోనే. అందుకే కొత్త యాప్ వేసేటప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

యాప్ కోసం గూగుల్‌లో వెతకం. మెనూలోని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే చూస్తాం. తెలుగు టైపింగుకు ఐబస్, తెలుగు ఫాంట్లు అన్నీ అక్కడే దొరుకుతాయి. మింట్ సొంత ప్యాకేజీల జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది. దారిలో ఎవరైనా మారిస్తే కంప్యూటరే వద్దంటుంది.

అక్కడే ఫ్లాట్‌పాక్ యాప్‌లూ ఉంటాయి. తయారీదారులెవరో ధ్రువపడనివాటిని మింట్ 22 తనంతట తాను చూపదు. ఆ అడ్డు మేము తీయలేదు. స్టోరు అన్నంత మాత్రాన కళ్లు మూసుకోకూడదు: 2023లో స్నాప్ స్టోరులోకి క్రిప్టో వాలెట్ల పేరుతో దొంగ యాప్‌లు దూరాయి.

‘సుడో’తో మొదలయ్యే కమాండును టెర్మినల్‌లో అతికించమని ఎవరైనా చెబితే ఆగండి. దానికి పాస్‌వర్డ్ కొట్టడమంటే ఇంటి తాళాలగుత్తి అప్పగించడమే.

టైమ్‌షిఫ్ట్ పాడైన సిస్టమ్‌ను వెనక్కి తెస్తుంది గానీ, మన ఫైళ్లను మామూలుగా దాచదు. పట్టికను మేము పెన్‌డ్రైవ్‌లో వేరుగా దాస్తున్నాం. యాప్ మళ్లీ వేసుకోవచ్చు, తాతల పేర్లు మళ్లీ ఎవరిని అడుగుతాం?

సందేహముంటే గదికి రండి, కలిసి చూద్దాం.