నాలుగు కౌంటర్లు... ఒకటే లైను!

ఉదయం ఎనిమిది కొడుతుంటే ఆ పెద్దాయన చెయ్యి ఇప్పటికీ వాచీ మీదికి పోతుంది. రిటైరై చాలా ఏళ్లయింది. 1990లలో కోస్తాలోని ఓ చిన్న ఊరి స్టేషన్లో రైల్వే టెలికాం పని చూసేటప్పటి అలవాటది.

అక్కడి రిజర్వేషన్ ఆఫీసులో నాలుగు కౌంటర్లు, నాలుగు టెర్మినళ్లు. టికెట్ల లెక్కంతా సికింద్రాబాద్ కంప్యూటర్లో. ఒక్కో కౌంటరుకీ ఒక్కో లైను అద్దెకు తీసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని తీగలన్నీ మల్టీప్లెక్సర్ అనే పెట్టెలోకి చేరేవి. అక్కణ్నుంచి ఒకే మోడెమ్, ఒకే లైను. అవతల అలాంటిదే మరో పెట్టె ఎవరి మాటలు వారికి విడదీసి ఇచ్చేది. పేరు గంభీరంగా ఉంది గానీ చేసేది షేర్ ఆటో పనే!

టెర్మినల్ వేగం సెకనుకు 4800 బిట్లు. నాలుగూ కలిస్తే 19,200. మోడెమ్ మోసేదేమో 9600! అయినా సరిపోయేది. ఎందుకంటే మనుషులు ఆగుతారు. ఒకాయన లోయర్ బెర్తే కావాలని పట్టుబడతాడు. ఇంకొకావిడ చిల్లర వెతుక్కుంటుంది. ఆ సందులో పక్క కౌంటరు అక్షరాలు వెళ్లిపోతాయి.

ఎనిమిదింటికి మాత్రం ఎవరూ ఆగరు. తెర నిండా 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. ఒక్క తెరకు సరిపడా అక్షరాలు ఆ లైను దాటడానికే రెండు సెకన్లు. నలుగురూ ఒకేసారి అడిగితే ఎనిమిది.

ఓ వేసవిలో ఒకతను తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి క్యూలో నిలబడ్డాడు. భార్యను వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వరుసలో రెండోవాడు. తీరా అతని వంతు వచ్చేసరికి తెర కదల్లేదు. కదిలేసరికి వెయిటింగ్ లిస్టు. అతను కేకలేశాడు. గుమస్తా టెలికాం గదివైపు చెయ్యి చూపించాడు.

పెద్దాయన వెళ్లి చూస్తే మోడెమ్ మీద దీపం మినుకుమినుకుమనడం మానేసి నిలకడగా వెలుగుతోంది. పక్కన ప్రింటరు గరగరా చార్టు కొడుతోంది. దాని తీగా ఆ పెట్టెలోకే! మనుషుల్లా ప్రింటరు ఆగదు కదా. సికింద్రాబాద్ వైపు పెట్టె నిండిపోయి, కాస్త ఆగమని కంప్యూటర్‌కే కబురు పెడుతోంది.

చార్టు ముందే కొట్టించమని సూపర్‌వైజర్‌ని అడిగితే, ‘మావాళ్లు ఏడూ ముప్పావుకి గానీ రారు. తొమ్మిదింటి బండికి చార్టు వద్దంటారా?’ అన్నాడు. అదీ నిజమే. మర్నాటి నుంచి ఆయనే ఆరున్నరకి వచ్చి కాగితం ఎక్కించడం మొదలెట్టాడు. బదిలీ అయ్యేదాకా అంతే. ఇంట్లో మాత్రం ‘అది మీ పని కాదుగా’ అని రోజూ దెబ్బలాటే.

వేలూరు వెళ్లాల్సినతను మళ్లీ వస్తాడేమోనని కొన్నాళ్లు క్యూ వైపు చూసేవాడు. రాలేదు.