అక్కకు చెప్పిన లెక్క

తెనాలిలో నాన్న కట్టించిన ఇల్లు 48 లక్షలకు బేరం కుదిరిన సాయంత్రమే అక్కకు ఫోన్ చేశాను. అమ్మా నాన్నా పోయాక మా ఇద్దరికీ వచ్చిన ఇల్లది. ‘‘నీకు 24, నాకు 24’’ అన్నాను, పెద్ద లెక్కలు తెలిసినవాడిలా. మర్నాడే బావగారు బ్యాంకుకు వెళ్లారట. మా మేనల్లుడు ఫ్లాటు కోసం చేసిన అప్పు సరిగ్గా అంతే మిగిలి ఉందని తెలుసుకుని, నలుగురికీ చెప్పేసుకున్నారట కూడా.

అప్పటికి నాకు తెలిసిన పన్నంతా కొనేవాళ్లు కట్టేదే. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1. మొత్తం ఏడున్నర. 48 లక్షలకు 3 లక్షల 60 వేలు. అది ఆయన బాధ, మనకేం అనుకున్నాను.

ఆయన ఊరుకుంటాడా? సర్కారు లెక్కలో మా ఇంటి విలువ 30 లక్షలు. ‘‘దస్తావేజులో ముప్ఫై రాద్దాం, మిగతా పద్దెనిమిదీ చేతికిస్తాను’’ అన్నాడు. అలా చేస్తే ఆయనకు లక్షా 35 వేలు మిగులుతుంది. డాక్యుమెంట్ రైటరు కళ్లద్దాలు తుడుచుకుంటూ ‘‘అందరూ చేసేదేనండీ’’ అన్నాడు.

ఎందుకైనా మంచిదని తెలిసిన ఆడిటర్ దగ్గరకు వెళ్లాను. ఆయన పాత క్యాలెండరు కాగితం తిప్పి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. నాన్న 1984లో పెట్టిన ఖర్చు చెప్పబోతే వద్దన్నాడు. 2001కి ముందు ఆస్తులకు ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చట. కాకపోతే అది అప్పటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. మాది 8 లక్షలుగా తేలింది. 2024 జూలై 23కి ముందే మాకు వచ్చిన ఆస్తి కనుక రెండు దారులున్నాయన్నాడు. ధరల పెరుగుదల కలపకపోతే 40 లక్షల లాభం మీద పన్నెండున్నర శాతం, అంటే 5 లక్షలు. కలిపితే, 2024-25 సూచీ 363 కాబట్టి, ఆ 8 లక్షలు 29 లక్షల 4 వేలవుతాయి. మిగిలిన 18 లక్షల 96 వేల మీద 20 శాతం. సెస్సుతో సహా 3 లక్షల 94 వేలు. ఈ రెండోదే నయం. చెరిసగం అనుకున్నా తలా దాదాపు రెండు లక్షలు.

నాకు గొంతు ఎండిపోయింది. ‘‘అదే, 30 లక్షలే చూపిస్తే?’’ అని అడిగాను. అడగడానికి సిగ్గేసినా అడిగాను. లాభం లక్ష కూడా రాదు, ఇద్దరికీ కలిపి పన్ను 20 వేలు!

ఆడిటర్ పెన్ను మూత పెట్టేశాడు. ‘‘ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదండీ. బయటపడితే తీసుకున్నంతా జరిమానా. అయినా ఆ తొమ్మిది లక్షల నోట్లూ మీ అక్కగారు ఏ బ్యాంకులో కడతారు?’’

అక్కకు కావలసింది బ్యాంకు బాకీ తీర్చడమే కదా! పోనీ మినహాయింపులేమైనా ఉన్నాయా అంటే, అమ్మిన రెండేళ్లలోపు ఆ లాభంతో తన పేరున ఇల్లు కొనుక్కుంటే పన్ను పడదట. కొడుకు పాత అప్పు తీరిస్తే అది కొన్నట్టు కాదు. పైగా అక్కకు టీచరు పెన్షన్ వస్తోంది కాబట్టి అటునుంచీ వెసులుబాటు లేదు.

ఆ రాత్రి మళ్లీ ఫోన్ చేశాను. ‘‘అక్కా, 24 కాదు. 22 లక్షల 3 వేలు.’’

కాసేపు అవతల టీవీ చప్పుడే వినిపించింది. ‘‘ఆ ముక్క ముందే ఏడవాల్సిందిరా’’ అంది. తక్కువైనది నా వాటాలోంచి ఇస్తానన్నాను. ‘‘నీ పన్ను నువ్వు కట్టుకోవద్దా?’’ అని ఫోన్ పెట్టేసింది.

2025 ఫిబ్రవరిలో 48 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించాం. కొన్నాయన గొణుగుతూనే వేలిముద్ర వేశాడు. పెరట్లో కొబ్బరికాయలు ఆ వారం నుంచే తనవన్నాడు. సరేనన్నాం.

మేనల్లుడు మిగిలిన రెండు లక్షలకూ ఇంకా వాయిదాలు కడుతున్నాడు. అక్క నాతో మామూలుగానే ఉంది. ఏ మొత్తం చెప్పినా మాత్రం ‘‘పన్ను పోగానా, పోకముందా?’’ అని అడుగుతోంది.