ఫ్యాను హోరు... ఆట జోరు

నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు తట్టుకోగల వేడి కూడా అటూ ఇటుగా అంతే. ఆ దరిదాపులకు చేరితే అవి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే మెషీన్ ఆగిపోతుంది.

మే నెల సెలవులకి మా అక్క కొడుకు విజయవాడ నుంచి దిగాడు. ఇంజినీరింగ్ మూడో ఏడాది. చంకలో పాత థింక్‌ప్యాడ్, అందులో ఉబుంటు. మా బావగారు చీటీ పాడి కొనిచ్చిన సెకండ్‌హ్యాండ్ మెషీన్ అది. ప్రాజెక్టూ, ఇంటర్వ్యూల తయారీ అన్నీ దాని మీదే. అది పోతే ఇంకోటి ఇప్పట్లో రాదు. అయినా రాత్రయితే చాలు... పెంగ్విన్ బొమ్మ కారు నడిపే సూపర్ టక్స్‌కార్ట్ పందేలు! గంట తిరక్కుండానే ఠక్కున ఆగిపోతోందట.

‘మావయ్యా, ఫ్యాను ఫుల్లుగా తిరిగే కమాండ్ చెప్పు చాలు’ అన్నాడు.

కమాండ్ ఉంది. లైనక్స్‌తో ఉన్న సుఖమే అది. ‘సెన్సర్స్’ అని కొడితే వేడి ఎంతో చెప్పేస్తుంది. థింక్‌ప్యాడ్‌లో ఫ్యాను వేగానికి 0 నుంచి 7 దాకా మెట్లుంటాయి. ఓ చిన్న ఫైల్లో ఆ అంకె రాస్తే సరి. (ఆ ఫైలుండే ఫోల్డర్ పేరు ఇప్పటికీ ‘ఐబీఎం’. ఆ కంపెనీ పీసీల వ్యాపారం 2005లోనే లెనోవో చేతికి వెళ్లినా పేరు మాత్రం పోలేదు!) కాకపోతే డ్రైవర్ ఆ చనువు ముందుగా ఇవ్వదు, మనమే అడిగి తెరిపించుకోవాలి. న్యాయమే మరి. 0 అని రాసి మరిచిపోతే ఫ్యాను ఆగుతుంది, లోపలి పొయ్యి ఆరదు.

అసలు ఫ్యాను చేసేదల్లా గదిలో గాలిని లాగి, లోపలి వేడిని బయటికి నెట్టడమే. ఏసీ గదిలో 24 దగ్గర మొదలయ్యే లెక్క, మా ముందుగదిలో 36 దగ్గర మొదలవుతుంది. పైగా వీడు పరుపు మీద పెట్టుకుని ఆడతాడు. గాలి లాగే కన్నాలేమో అడుగున!

అందుకే ముందు వేడి పుట్టే చోట పట్టుకున్నాం. వాడి ల్యాప్‌టాప్ తెర సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. హద్దు పెట్టకపోతే ఆట 100, 150 కూడా గీసేస్తుంది. బంతిలో 60 మంది కూర్చుంటే 150 మందికి వండినట్టు. మ్యాంగోహడ్ అనే ఉచిత ప్రోగ్రాంతో 60 దగ్గర కట్టేశాం. ప్రాసెసర్ టర్బో కూడా ఆపేశాం. వేగం పెరగాలంటే వోల్టేజీ పెరగాలి, వోల్టేజీ రెట్టింపైతే కరెంటు ఖర్చు నాలుగింతలు. ఆ చివరి కాస్త దూకుడుకే వేడి ఎక్కువ. తర్వాత మూత విప్పితే లోహపు రెక్కల మధ్య దుమ్ము చాపలా పేరుకుని ఉంది. బ్రష్‌తో దులిపాం.

అంతకుముందు 97 చూపించిన పందెంలోనే, అదే గదిలో, ఇప్పుడు 80 దాటలేదు. ఫ్యాను ‘ఆటో’లోనే వదిలేశాం. వాడికి తృప్తి లేదు... ‘హోరు లేకపోతే ఆడుతున్నట్టే లేదు మావయ్యా’ అంటాడు.

మా అక్క మాత్రం ఫోన్‌లో ఒక్కటే అడిగింది, ఇంటర్వ్యూలయ్యేదాకా అది నిలుస్తుందా అని. ప్రాసెసర్ మీద పూసే పేస్టు ఎండిపోయి ఉంటుంది, వాడు ఊరెళ్లేలోగా అదీ మార్పిస్తానన్నాను.