మూడు బిందెల సముద్రం

నాన్నగారికి బీజాపూర్ బదిలీ అయిందని ఫోనులో చెప్పగానే విజయనగరంలో ఉన్న అమ్మమ్మ, "మంచిదేలే, గోల్ గుంబజ్ చూడొచ్చు" అంది. ఆవిడ అనుకున్న బీజాపూర్ కర్ణాటకలో ఉంది. 2014 నుంచి దాని పేరు విజయపుర. మేము వచ్చిన బీజాపూర్ ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ అడవుల మధ్య ఉంది. 2007లో దంతేవాడ నుంచి విడదీసి దీన్ని వేరే జిల్లా చేశారు. సముద్రం ఇక్కడికి చాలా దూరం. "సముద్రం ఎవరెవరు చూశారు?" అని టీచరుగారు అడిగితే మా రెండు తరగతుల్లో కలిపి లేచిన చేతులు ఐదు. అందులో రెండు మావే.

అలాంటి ఊళ్ళో మా ముందుగదిలో సముద్రం ఉంది. 45 లీటర్ల గాజు తొట్టె, అంటే సుమారు మూడు బిందెల సముద్రం. అందులో మెత్తటి పగడాలు పెంచుతున్నాం. మేము అంటే అక్కాతమ్ముళ్ళం, ఒకరిది ఎనిమిదో తరగతి, ఒకరిది ఆరో తరగతి.

పగడం అంటే అందరికీ మెడలో వేసుకునే ఎర్రపూస గుర్తొస్తుంది. "పగడాలు పెంచడమేమిటర్రా?" అని అమ్మమ్మ కూడా నవ్వింది. నిజానికి పగడం చెట్టూ కాదు, రాయీ కాదు, జంతువు. చిన్న చిన్న నోళ్ళు, వాటి చుట్టూ వేళ్ళలాంటి తంతువులు ఉన్న జీవులు వందలకొద్దీ కలిసి ఒక్క ఒంటిగా బతుకుతాయి. రాతి పగడాలు సున్నంతో గట్టి గూడు కట్టుకుంటాయి. మెత్తటి పగడాలకు ఆ గూడు ఉండదు, ఒంట్లో కంటికి కనపడనంత చిన్న సున్నపు ముక్కలు మాత్రం ఉంటాయి. మా దగ్గర ఉన్నది లెదర్ కోరల్. పుట్టగొడుగులా కాడ, గొడుగు, గొడుగు మీద గడ్డి మొలిచినట్టు తంతువులు. ఒక్కో నోటి చుట్టూ లెక్కపెడితే సరిగ్గా ఎనిమిది. అమ్మమ్మ దండలోని ఎర్ర పగడానికి కూడా ప్రాణం ఉన్నప్పుడు ఎనిమిదే. ఆ రకంగా ఆవిడ దండా మా తొట్టెలోదీ దగ్గర చుట్టాలు. ఈ మాట చెప్పాక ఆవిడ నవ్వడం మానేసి, ఫోను చేసినప్పుడల్లా "నా చుట్టం ఎలా ఉంది?" అని అడుగుతోంది.

విశాఖపట్నంలో ఉన్నప్పుడు మా పక్కింటి మావయ్యగారికి పెద్ద ఉప్పునీటి తొట్టె ఉండేది. ఆయన పెంచిన పగడం పెద్దదైతే ఒక ముక్క కోసి మాకిచ్చారు. ఇస్తూ ఒక షరతు పెట్టారు: సముద్రం నుంచి ఏదీ తేకూడదు. రాతి పగడాలకు, సముద్రపు విసనకర్రలకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. అందుకే మా తొట్టెలో పగడపు రాళ్ళు లేవు, పింగాణీ రింగులు ఉన్నాయి. పోటు తగ్గినప్పుడు జోడుగుళ్ళపాలెం రాళ్ళ గుంటల్లో జీవులను ఎన్నోసార్లు చూశాం. చూసి వచ్చేశాం.

బదిలీ సామాను లారీలో వెళ్ళింది. పగడం మాత్రం మాతో కిరండూల్ రైలెక్కింది. ఉప్పునీళ్ళ సంచీలో పగడం, ఆ సంచీ థర్మాకోల్ పెట్టెలో, పక్కన పాత తొట్టెనీళ్ళు 20 లీటర్ల డబ్బాలో. పింగాణీ రింగుల్ని కూడా ఆరనివ్వకుండా అదే నీళ్ళలో ఉంచాం. వాటిమీద కంటికి కనిపించని బ్యాక్టీరియా ఉంటుంది. తొట్టెలో పుట్టే అమోనియాను అది ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమోనియా విషం, నైట్రేట్ కొద్దిగా ఉంటే ఫరవాలేదు. ఆ బ్యాక్టీరియా చస్తే కొత్త తొట్టె సిద్ధం కావడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈ రైలుమార్గం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి వేసినది. ఖనిజం నింపిన గూడ్సుబళ్ళు సముద్రం వైపు పోతుంటే, మేము సముద్రాన్ని డబ్బాలో పెట్టుకుని ఎదురెళ్ళాం. రాత్రికి దంతేవాడలో దిగి అక్కడే పడుకుని, పొద్దున్నే గీదం మీదుగా బీజాపూర్ చేరాం.

బీజాపూర్‌లో మాకు మొదట ఎదురైంది కూడా ఆ ఇనుమే. క్వార్టర్ల దగ్గర బోరింగు నీళ్ళు కొట్టినప్పుడు తేటగా ఉంటాయి. బకెట్లో గంటసేపు ఉంటే ఎర్రబడతాయి. నీళ్ళలో కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పులా మారుతుంది. అమ్మ ఆ నీళ్ళను వడకట్టి, కాచి, చల్లార్చింది. "మనుషులు తాగే నీళ్ళు పగడానికి పనికిరావా?" అనుకుని వాటిలోనే సముద్రపు ఉప్పు కలిపాం. పది రోజులకు గాజు మీద గోధుమరంగు జిగురు పట్టింది. కాచితే క్రిములు చస్తాయి గానీ కరిగిన లవణాలు ఎక్కడికీ పోవు. ఆవిరైన నీటి మేరకు ఇంకా చిక్కబడతాయి. ఆ సంగతి మేము పుస్తకంలో చదివాం, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. తొట్టె దగ్గర మాత్రం గుర్తురాలేదు. తర్వాత నాన్నగారు ఆర్.ఓ. మిషను పెట్టించారు. కరిగిన పదార్థాలు కొలిచే మీటరు బోరింగు నీళ్ళలో 340 చూపిస్తే, ఆర్.ఓ. నీళ్ళలో 12 చూపించింది.

సముద్రపు నీళ్ళు తయారు చెయ్యడానికి వంటింటి ఉప్పు చాలదు. సముద్రంలోని లవణాల్లో సుమారు 85 శాతం సోడియం, క్లోరైడ్. మిగిలిన దాంట్లో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఉంటాయి. ఆ మిగిలినది లేకపోతే పగడం బతకదు. అందుకని ప్రత్యేకంగా అమ్మే ఉప్పు తెప్పించి లీటరు నీటికి 35 నుంచి 38 గ్రాములు కలుపుతాం. హైడ్రోమీటరు 1.025 చూపించాలి. పీహెచ్ 8.1కి అటూ ఇటూ, కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైన, వేడి 25 డిగ్రీల దగ్గర ఉండాలి. రాతి పగడాల్లా మెత్తటి పగడాలు కాల్షియాన్ని ఎక్కువగా వాడుకోవు కాబట్టి, వారానికి నాలుగున్నర లీటర్లు తీసి కొత్త నీళ్ళు పోస్తే సరిపోతుంది. ఒకసారి మా ఉప్పు పార్సిల్ కర్ణాటక బీజాపూర్ వెళ్ళి, అక్కడ వారం రోజులు కూర్చుని తిరిగొచ్చింది. అప్పటి నుంచి అడ్రసులో ఛత్తీస్‌గఢ్ అని రెండుసార్లు రాస్తున్నాం.

అసలు కష్టం మే నెలలో వచ్చింది. బయట 43 డిగ్రీలు, కరెంటు పోతూ వస్తూ ఉండేది. తొట్టెలో వేడి 30 దాటింది. పగడం ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. అవి ఎండతో తిండి తయారుచేసి పగడానికి పెడతాయి. వేడి ఎక్కువైతే పగడం వాటిని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. సముద్రాల్లో పగడపు దిబ్బలు తెల్లబడడం కూడా ఇలాగే జరుగుతుంది. మేము చిన్న ఫ్యాను తెచ్చి నీటి మీదకు తిప్పాం. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే కదా! వేడి 27కి దిగింది. కానీ రోజుకు లీటరు నీళ్ళు ఆవిరైపోయేవి.

తగ్గిన నీళ్ళ బదులు మేము రోజూ ఉప్పు కలిపిన నీళ్ళే పోశాం. సముద్రం తగ్గితే సముద్రమే పొయ్యాలి అనుకున్నాం. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది అని ఒక్కరికీ తట్టలేదు. వారం తర్వాత హైడ్రోమీటరు 1.030 చూపించింది. లెదర్ కోరల్ తంతువులన్నీ లోపలికి లాక్కుని, ముడుచుకుని, కాడ వాల్చేసింది. మాలో ఒకరు వెంటనే బకెట్ మంచినీళ్ళు పోసేద్దామన్నారు. నాన్నగారు ఆపారు. "ఒక్కసారిగా వద్దు. తప్పు వారం రోజులు చేశారు, దిద్దుబాటు ఒక్క నిమిషంలో చేస్తే అదింకో తప్పు."

ఆయన మాట మాకు కొత్త కాదు. ఈ ఊరు వచ్చిన రోజున కూడా పగడాన్ని సంచీలోంచి తీసి తొట్టెలో వెయ్యలేదు. సన్న గొట్టానికి ముడి వేసి, కొత్త నీళ్ళు చుక్క చుక్కగా సంచీలోకి వదిలాం. రెండు గంటలు పట్టింది. కొత్త నీళ్ళు ఎంత మంచివైనా ఒక్కసారిగా మీద పడితే జీవి తట్టుకోలేదు. ఆ మాట మనలాంటి పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. మేము కూడా ఈ బడికి వచ్చిన కొత్తలో నెలరోజులు వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చున్నాం.

పూటకొక మగ్గు చొప్పున ఉప్పునీళ్ళు తీసి ఆర్.ఓ. నీళ్ళు పోస్తూ, నాలుగు రోజుల్లో 1.025కి తెచ్చాం. పగడం మాత్రం విప్పుకోలేదు. దాని ఒంటిమీద మైనంలాంటి పొర పట్టింది. చచ్చిపోయిందనుకుని తమ్ముడు ఏడ్చాడు. అక్క ఏడవలేదని రాయమంది, రాస్తున్నాం. తొమ్మిదో రోజు పొద్దున ఆ పొర ఊడి నీళ్ళలో తేలుతూ కనిపించింది. సాయంత్రానికి గొడుగు అంచున నాలుగు తంతువులు బయటికొచ్చాయి. లెదర్ కోరల్ అప్పుడప్పుడూ ఇలా కుబుసంలాంటి పొర వదులుతుందని మావయ్యగారు ఫోనులో చెప్పారు. అమ్మ ఆ రాత్రి పాయసం చేసింది, కారణం మాత్రం చెప్పలేదు.

మా తరగతిలో ఒక స్నేహితురాలిది భోపాలపట్నం వైపు ఊరు. ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడతారు. ఒక ఆదివారం తొట్టె చూడ్డానికి వచ్చి, మా పరీక్ష సీసాలు చూసి, "మా ఊరి బోరింగు నీళ్ళకు కూడా ఇలా చేస్తారా? మా బోరింగుకి ఎర్రరంగు వేశారు, తాగొద్దని" అంది. ఆ వైపు కొన్ని ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఎక్కువ కాలం ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే పళ్ళు గారపట్టినట్టు మచ్చలు పడతాయి, ఎముకలు వంగిపోతాయి. ఆ నీళ్ళు ఎర్రబడవు, వాసన రావు, రుచి మారదు. మా సీసాల్లో ఫ్లోరైడ్ పరీక్ష లేదని చెప్పడానికి మాకు సిగ్గేసింది. మర్నాడు ముగ్గురం కలిసి కెమిస్ట్రీ సారును అడిగాం. ఊళ్ళ నీళ్ళు తెచ్చి ఇస్తే పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలలు ఉంటాయని ఆయన చెప్పారు. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తను రెండు సీసాల నీళ్ళు తెస్తానంది. ఒకటి ఎర్రరంగు బోరింగుది, ఇంకొకటి ఇప్పుడు వాళ్ళు తాగుతున్న బోరింగుది.

నాన్నగారికి ఇక్కడ మూడో ఏడు నడుస్తోంది. వచ్చే వేసవికి ఆర్డరు రావచ్చు. అందుకని మొన్న మావయ్యగారు ఫోనులో చెబుతుంటే నాన్నగారు చేతులకు తొడుగులు వేసుకుని పగడాన్ని రెండుగా కోశారు. మూడు వారాలకు రెండు ముక్కలూ గాయం మాన్పుకున్నాయి. ఒకటి మాతో వస్తుంది. ఇంకొకటి బడి ల్యాబులో చిన్న తొట్టెలో ఉంది. దాన్ని చూసుకునేది ఆ స్నేహితురాలే. రోజూ హైడ్రోమీటరు చూసి నోటుబుక్కులో అంకె రాస్తోంది. గాజు మీద తెలుగులోనూ హిందీలోనూ ఒక కాగితం అంటించింది:

"నీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళు పొయ్యకండి. మంచినీళ్ళే పొయ్యండి, కొంచెం కొంచెంగా."