జంట మందులు

మాకు ఉద్యోగం కృష్ణగిరిలో, కాపురం హోసూరులో. రోజూ బస్సులో పోయి వచ్చే గుమాస్తాలము. వైద్యశాస్త్రం మాకు తెలియదు. అయినా గత ఏడాది మా అమ్మగారి మంచం పక్కన కూర్చుని నేర్చుకున్న పాఠం ఒకటి మన కుటుంబాలవారికి చెప్పాలని తోచినది.

అమ్మగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకున్నారు. ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషను బాగానే జరిగినది. ఐదవనాడు ఊపిరి ఆడక వెంటిలేటరు పెట్టినారు. ఆ తరువాత జ్వరం పట్టుకున్నది. కఫం పరీక్షకు పంపితే మూడవనాటికి కాగితం వచ్చినది. క్లెబ్సియెల్లా అనే క్రిమి అట. కింద మందుల పేర్లు వరుసగా ఉన్నవి. దాదాపు ప్రతి పేరుకూ ఎదురుగా ‘ఆర్’ అనే అక్షరం. అంటే ఆ మందుకు క్రిమి లొంగదని అర్థం. మెరోపెనెం అంతటి మందుకూ అదే అక్షరం!

డాక్టరుగారు తమిళంలో చెప్పినది మేము ఇంటివాళ్ళకు తెలుగులో చెప్పినాము. ఈ క్రిమి ఎన్.డి.ఎం. అనే ఎంజైమును తయారుచేసుకుని మెరోపెనెంను కోసివేస్తుంది. అజ్‌ట్రియోనాం అనే మందును ఆ ఎంజైము కోయలేదు గాని, అదే క్రిమి వద్ద ఉన్న వేరే ఎంజైములు కోస్తవి. ఆ ఎంజైములను అవిబాక్టాం అనేది అడ్డుకుంటుంది. కనుక సెఫ్టాజిడిం-అవిబాక్టాం, అజ్‌ట్రియోనాం జంటగా ఇవ్వాలి. “ఒకరు దొంగ చేయి పట్టుకుంటే గాని ఇంకొకరు వాణ్ణి కట్టలేరన్నమాట” అన్నారు మా బావగారు.

“అట్లయితే ఇంకో రెండు మందులు కూడా కలపండి సార్, అప్పు చేసైనా తెస్తాము” అన్నాము. డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఎక్కువ మందులు కలిపితే ఎక్కువ మేలని లేదట. కొలిస్టిన్ అనే పాత మందు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. దానిని ఇజ్రాయెల్, గ్రీసు, ఇటలీ దేశాలలో 406 మంది రోగులలో కొందరికి ఒంటిగాను, కొందరికి మెరోపెనెంతో కలిపీ ఇచ్చి చూసినారు. కలిపినందువల్ల చెప్పుకోదగిన లాభం కనబడలేదని 2018లో తేలినది. క్షయరోగం సంగతి వేరు. అక్కడ జంట మందుల విలువను బ్రిటనులోని వైద్య పరిశోధనా మండలి లోకానికి చూపినది. ఏ జంట పనిచేస్తుందో క్రిమి నిర్ణయించాలి, మన ఆత్రం కాదు.

అప్పుడు ఆయన మెల్లగా, “ఈ ఏడాదిలో ఆమె ఏయే మాత్రలు మింగినారు?” అని అడిగినారు. మా ఆవిడ మా ముఖం చూసినది. దగ్గు వచ్చినప్పుడల్లా బస్సు దిగి, చీటీ లేకుండానే సెఫిక్సిం మాత్రలు నాలుగు కొని తెచ్చినది మేమే. రెండు రోజులకు నెమ్మదించగానే మిగిలినవి డబ్బాలో దాచినది మేమే. ఆ మందును చీటీ చూసి, రిజిస్టరులో రాసి అమ్మాలనే నియమం 2014 మార్చి 1 నుండి అమలులో ఉన్నది. ఆఫీసులో ఒక్క సంతకం తక్కువైతే ఫైలు తిప్పి పంపే మేము, ఆ చీటీ మాట ఏనాడూ తలచలేదు.

“నా వల్లనే వచ్చినదా సార్?” అని అడిగినాము. “అట్లని చెప్పలేను. ఇది ఆసుపత్రులలో చేతుల ద్వారా, గొట్టాల ద్వారా పాకే క్రిమి. కాని అనవసరంగా మింగిన ప్రతి మాత్రా ఒంట్లోని మెత్తని క్రిములను చంపి, మొండివాటికి చోటు చేస్తుంది” అన్నారు. ఆ రాత్రి మాకు కన్ను మూత పడలేదు.

పద్నాలుగు రోజులు ఆ జంట మందులు ఎక్కించినారు. అమ్మగారు బ్రతికినారు. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారు. ఖర్చుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. దానికి మాకు విచారం లేదు.

మొన్న మాకే జలుబు చేసి దగ్గుతూ ఇల్లు చేరినాము. చేతిలో పొట్లం చూసి అమ్మగారు, “ఏమిరా అది? చీటీ ఉందా?” అన్నారు.

పొట్లం విప్పి చూపినాము. మిరియాలు.