హావ్రు రేవున సూర్యోదయము

పారిస్ నగరమందలి మార్మొత్తాన్ చిత్రశాలకు మమ్ముఁ బట్టుపట్టి కొనిపోయినవారు మావారు. క్లాడ్ మోనే 1872లో హావ్రు రేవునందలి సూర్యోదయముఁ జిత్రించిన పటము, ఇంచుమించు మూరెఁడెత్తుది, అచ్చటఁ గలదు. దాపున నిలిచి చూడఁగా నీలిపూఁతలును నారింజవన్నె చుక్కయుఁ దప్ప నేమియుఁ గానరాలేదు. దీనికా యింతదూరమని మావారిపై విసిగితిమి. 1874లో నిది ప్రదర్శింపఁబడినపుడు విమర్శకుఁ డొకఁడు నిట్లే పరిహసించెను; ఆ పరిహాసమునుండియే ఇంప్రెషనిజమను పేరు వ్యాప్తికి వచ్చెను.

మావారు మాటాడక మమ్ముఁ బదియడుగులు వెనుకకుఁ బిలిచిరి. మంచులో నోడకొయ్యలు నిలిచినవి. చిన్నపడవలు నల్లగాఁ గదలినవి. నీటిపై వెలుఁగు చాలుగాఁ బరచుకొన్నది. పడవవానికి ముఖము లేదు. ఐనను వాని వేకువచలి మమ్ముఁ దాఁకినది.

దాపున నిలుచుటచేతఁ గానరానిది పటమొక్కటియేనా? పదునైదేండ్లుగా మావారిని సయితము మే మంత దాపుననుండియే చూచుచు వచ్చితిమేమో!