ఇంజను దించుట

మోటారుబండి పరుగెత్తుచుండగా చూచి సంతోషించువారు పలువురు. అది నడివీధిలో నిలిచిపోయినప్పుడు దానికి కలిగిన వ్యాధి ఏదో చెప్పగలవారు కొందరే. ఆ కొందరిలో మోటారు షెడ్లలో పనిచేయు మేస్త్రీలు ముఖ్యులు. వారి చేతులకు ఎల్లప్పుడు నల్లని జిడ్డు అంటియుండును, దుస్తులు మాసియుండును. అందుచేత వారి పనికి కండబలమే చాలుననియు, బుద్ధిబలముతో పనిలేదనియు కొందరు తలంతురు. ఆ తలంపు ఎంత పొరపాటో తెలియుటకు వారు చేయు పనులలో ఒక్కదానిని శ్రద్ధగా పరిశీలించిన చాలును. ఆ పనికి 'ఇంజను దించుట' అని పేరు.

హైదరాబాదు నగరములో ఆబిడ్స్, నాంపల్లి ఇరుగుపొరుగు పేటలు. ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో నుండిన ఆబిద్ అను నతని దుకాణము వలన మొదటి పేటకు ఆ పేరు కలిగినది. రెండవదానిలో 1907లో రైలుస్టేషను వెలసినది. రైలు దిగినవారికి ఇల్లు చేరుటకు బండి కావలెను గదా! 1932లో నిజాము ప్రభుత్వ రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించిరి. కాలక్రమమున బస్సులు, కార్లు, టాక్సీలు పెరిగినవి. బండ్లు పెరిగినచోట వానిని బాగుచేయువారును పెరుగుదురు. పెద్ద రస్తాలపై దుకాణముల అద్దములు తళతళలాడుచుండగా, వాని వెనుక సందులలో రేకుల కప్పుల క్రింద ఇనుము తాకిన చప్పుడు వినవచ్చుచుండును.

ఈ షెడ్లలో పెద్ద పనివానిని 'ఉస్తాద్' అని పిలుతురు. గురువు అని ఆ మాటకు అర్థము. మరలు త్రిప్పు పనిముట్టును 'పానా' అందురు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు అచట ఒకే పెట్టెలోని పనిముట్లవలె కలిసిమెలిసి యుండును. వింతయేమనగా, పాతకాలపు కార్లలో ఇంజనును గొలుసుకు కట్టి పైకి ఎత్తి తీయుదురు. అయినను ఆ పనిని 'దించుట' అనియే అందురు. పొయ్యిమీది కుండను కూడ మొదట పైకెత్తియే కదా దించుట!

ఇంజను పుట్టించిన శక్తి తిన్నగా చక్రములకు పోదు. ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము కలదు. దానిని ఆనుకొని క్లచ్ ప్లేటును, దాని వెనుక గేరుబాక్సును ఉండును. గేరుబాక్సునుండి ఒక ఉక్కు కడ్డీ ముందునకు వచ్చి, క్లచ్ ప్లేటు నడిమి రంధ్రములో దూరి, ఇంజనులోని చిన్న బేరింగులో కొన మోపి నిలిచియుండును. ఇంజనుకును గేరుబాక్సుకును పొత్తు కుదుర్చునది ఈ కడ్డీయే. అంబాసిడరువంటి కార్లలో గేరుబాక్సు వెనుకనుండి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక ఇరుసువరకు పోవును.

ఇప్పుడు ఉస్తాద్ ఎదుట ఒక ప్రశ్న నిలుచును. ఇంజనును ఒంటరిగా తీయవలెనా, గేరుబాక్సుతో జంటగా తీయవలెనా?

ఒంటరిగా తీసినచో బరువు తక్కువ; పొడవు తక్కువ; ఇరుకైన షెడ్డులో పని సులభము. ప్రొపెల్లర్ షాఫ్టును కదలింపనక్కరలేదు. కాని రెంటిని కలిపియుంచు బోల్టులలో పైవి చేతికి అందవు. పైగా ఇంజను ముందునకు జరిగిన తరువాత గేరుబాక్సుకు ముందువైపున ఆధారముండదు. దాని క్రింద జాకీనో, దిమ్మనో పెట్టవలెను. అన్నిటికంటె పెద్ద అపాయము ఆ ఉక్కు కడ్డీకి కలదు. కడ్డీ పూర్తిగా వెలికి రాకముందే ఇంజనును ఒక ప్రక్కకు వ్రేలనిచ్చినచో, దాని బరువంతయు కడ్డీమీద పడి క్లచ్ ప్లేటు చెడిపోవును.

జంటగా తీసినచో ఈ చిక్కులు లేవు. రెంటిని నేలపై ఉంచి, నలువైపుల తిరిగి చూచుచు, తీరికగా విడదీయవచ్చును, తీరికగా కలుపవచ్చును. కాని బరువు పెరుగును. బారైన ఆ జంటను బయటికి తెచ్చుటకు ముందుభాగము పైకిని, తోకభాగము క్రిందికిని వంచవలెను. గేరుబాక్సులోని నూనెను ముందుగా తీయనిచో వంచినంతనే వెనుకనుండి అది నేలపాలగును. సామాను మోయలేని గొలుసుతో ఈ పనికి పూనుకొనుట సాహసము కాదు, అవివేకము.

కావున రెండు పద్ధతులలో ఏది మంచిదని అడుగుటకంటె, ఈ బండికి నేడు ఏది తగునని అడుగుట మేలు. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చుచు నూనె తరిగిపోవుచున్నచో రోగము ఇంజనులో నున్నది. గేరుబాక్సు జోలికి పోనక్కరలేదు. క్లచ్చి ఒక్కటే అరిగినచో ఇట్టి కార్లలో తరచుగా ఇంజనును ముట్టకయే గేరుబాక్సును క్రిందినుండి తీయవచ్చును. రెంటను రోగమున్నచో జంటగా తీయుటయే న్యాయము. టాక్సీ నడిపి బ్రదుకువానికి బండి నిలిచిన ప్రతిదినము కూలి పోయిన దినమే. 'ఇంజను దించవలెను' అను మాట విన్నంతనే అతని ముఖము వాడిపోవును. లోపలి సంగతి అతనికి తెలియదు. ఉస్తాద్ ఏది చెప్పిన అదియే సత్యము. అక్కరలేని దానిని విప్పింపక, అక్కరయైన దానిని దాచిపెట్టక చెప్పు ఉస్తాద్ మాటమీదనే ఆ ఇంటి గ్రాసము ఆధారపడియుండును. ఈ పనిలో చేతినేర్పుతోపాటు నిజాయితీయు పనిముట్టే.

బండి కట్టడము కూడ ఉత్తరువు నిచ్చును. 1959లో ఇంగ్లండున వెలువడిన మినీ కారును రూపొందించిన అలెక్ ఇస్సిగోనిస్ ఇంజనును అడ్డముగా పెట్టి, దాని అడుగుననే గేరుబాక్సును అమర్చెను. రెంటికిని నూనె ఒక్కటే! అందు ఒకదానిని విడిచి రెండవది బయటికి రాదు. జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇందుకు వేరు. దాని ఇంజను వెనుకభాగమున నుండును. నాలుగు చోట్ల బిగింపు విప్పి, గేరుబాక్సును బండిలోనే యుంచి, ఇంజనును మాత్రము క్రిందికి తీయుదురు. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు పాత పద్ధతిది. 1983లో వచ్చిన మారుతీ 800 మొదలుగా ముందుచక్రములు త్రిప్పు కార్లు మనకు పరిచయమైనవి. వానిలో ఇంజను, గేరుబాక్సు ప్రక్కప్రక్కన అడ్డముగా కూర్చుండును. అట్టి కార్లలో పెక్కింటికి బండినే పైకెత్తి, జంటను క్రిందినుండి తీయుట నేటి వాడుక. 'దించుట' అను మాట ఇక్కడ అక్షరాల నిజమైనది.

పద్ధతి ఏదైనను క్రమము తప్పరాదు. మొదట బ్యాటరీ తీగ విప్పుదురు, నిప్పురవ్వకు చోటీయరాదు. తరువాత నీరు, నూనె తీసి, రేడియేటరును తొలగింతురు. పెట్రోలు గొట్టమును మూసి కట్టుదురు. ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుదురు. బోల్టులను వేరువేరు డబ్బాలలో వేయుదురు. ఇంజను కదలనిచో బలముగా లాగరు. ఇంకను ఏదో ఒక బంధము మిగిలియున్నదని తలచి వెదకుదురు.

క్రొత్తగా చేరిన బాలునకు ఉస్తాద్ నేర్పు మొదటి పాఠము బోల్టు విప్పుట కాదు. వ్రేలాడుచున్న ఇంజను క్రింద చేయి గాని, తల గాని పెట్టకుండుట. ఒక నట్టు జారి క్రింద పడినచో దానిని తీయుటకు బాలుడు ఉత్సాహముతో వంగును. నట్టు మరల దొరకును, చేయి మరల దొరకదని ఉస్తాద్ అతనిని వెనుకకు లాగును. నూరు కిలోలకు మించిన ఇనుము గొలుసు తెగినప్పుడు ఎవ్వరిని పేరడిగి పడదు.

ఇంతకంటె కష్టమైనది తిరిగి కూర్చుట. క్లచ్ ప్లేటు నడిమి రంధ్రము సరిగా మధ్యకు రానిచో ఉక్కు కడ్డీ లోపలికి దూరదు. అనుభవము లేనివాడు బోల్టులను బిగించి బలవంతముగా రెంటిని దగ్గరకు లాగును. అప్పుడు లోహపు గూడు పగులును, లేదా ప్లేటు వంగును. ఎరిగినవాడు పాత కడ్డీ ముక్కను రంధ్రములో దూర్చి ప్లేటును మధ్యకు తెచ్చి, తరువాతనే బిగించును. ఎత్తు సరిపోయినప్పుడు, వాలు సరిపోయినప్పుడు, ఇంజను చిన్న శబ్దముతో తన చోటికి తానే జారును. అందాక ఓర్చుకొనుటయే విద్య.

విప్పుట పలువురకు వచ్చును. ఎంతవరకు విప్పవలెనో ఎరిగి, విప్పినదానిని లోటు లేక కూర్చువాడే పనివాడు. ఏ వృత్తికైనను ఈ మాట చెల్లును.